వానబాట మీద విమానము



గత మాసమున పనిమీద తొర్రూరు పోయియుంటిని. వరంగల్లునుండి ఖమ్మము పోవు త్రోవ అది. తిరిగి వచ్చుచు ఒక పల్లెలో వేపచెట్టు గద్దెకడ కొంతసేపు ఆగితిని. అచ్చట నలుగురైదుగురు పెద్దలు కూర్చుండి మామునూరు విమానాశ్రయమును గూర్చియే మాటలాడుకొనుచుండిరి. వారిలో ఎనుబది యేండ్లు దాటిన వృద్ధుడొకడు, నేను విమానాశ్రయముల బాటల పనిలో ఉండి విరమించినవాడనని తెలిసికొని, నన్ను చెంత కూర్చుండబెట్టుకొని అడిగెను: "బిడ్డా, గాలిల పోయేటిదానికి గిన్ని ఎకరాలెందుకు?"

"గాలిల ఉన్నంతసేపు దానికి భూమితోటి పని లేదు పెద్దయ్యా. లేచేటప్పుడు, దిగేటప్పుడే తిప్పలన్నీ" అంటిని. ఆయనకు తృప్తి కలుగలేదు. నిజము చెప్పవలెనన్న నాకును కలుగలేదు. ఆనాడు చెప్పలేకపోయిన సమాధానమును ఈనాడు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల పెద్దలందరికి చెప్ప యత్నించెదను.

ముందుగా మామునూరు మాట. నిజాము ప్రభుత్వకాలమున, 1930 ప్రాంతమున, వరంగల్లు చెంత ఈ విమానాశ్రయము ఏర్పడెను. ఆజంజాహి మిల్లు, కాగజ్‌నగరు కాగితపు మిల్లు మొదలగు పరిశ్రమల అవసరములకు అది ఉపయోగపడెనని చెప్పుదురు. 1981 తరువాత అచ్చట ప్రయాణికుల విమానములు దిగుట మానినవి. విమానాశ్రయ సంస్థ చేతిలో 696 ఎకరములు మిగిలియుండగా, మరి 253 ఎకరముల సేకరణకై 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వము 205 కోట్ల రూపాయలు మంజూరు చేసెను. 2025 ఫిబ్రవరి చివర కేంద్ర ప్రభుత్వము పునరుద్ధరణకు అనుమతి నిచ్చెను. ఆ 253 ఎకరములు ఎవరి పొలములో వారికి తెలియును. నష్టపరిహారము సంగతి నా వృత్తికి చెందినది కాదు. దానిని గూర్చి నేను మాటలాడను. కాని నేల ఎందుకు కావలసివచ్చెనో చెప్పకుండ దానిని విడువుమనుట మర్యాద కాదు. ఆ 'ఎందుకు' అనుదాని సమాధానములో పెద్దపాలు వానలో ఉన్నది.

నా చిన్ననాట జరిగిన సంగతి యొకటి చెప్పెదను. మాది జనగామకు ఆమడ దూరములోని పల్లె. ఒక కార్తెలో మా తండ్రిగారు వడ్ల బస్తాలు వేసికొని బండి తోలుకొని పోవుచు, నన్ను పైన కూర్చుండబెట్టుకొనిరి. చెరువుకట్ట దిగు సమయమునకు జల్లు పట్టుకొన్నది. కట్టమీద రేగడిమన్ను పరచియుండిరి. ఎడ్లు కాళ్లు తన్నిపెట్టినవి, మా తండ్రిగారు పగ్గములు బిగించి పట్టిరి; అయినను బండి ఆగలేదు. చక్రముల ఇనుపపట్టాలు మన్నుమీద వెన్నమీదవలె జారి, బండి అడ్డము తిరిగి కట్టవాలున ఒరిగెను. మాకు దెబ్బలు తగులలేదు. రెండు బస్తాలు మాత్రము చెరువుపాలాయెను. ఇంటికి వచ్చి మా తండ్రిగారు "ఎడ్లల్ల బలం లేక కాదు, నేల పట్టియ్యలేదు" అనిరి. తరువాత ముప్పది యేండ్లు నేను చేసిన ఉద్యోగమంతయు ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానమే. శాస్త్రజ్ఞులు దానిని ఘర్షణ మందురు. నేను మా తండ్రిగారి మాటనే వాడి 'పట్టు' అందును.

ఇప్పుడు విమానమును తలచుకొనుడు. నూటఎనుబది మందిని మోయు సాధారణపు జెట్ విమానము దిగునప్పుడు అరువది టన్నులకు పైబడి తూగవచ్చును. నేలను తాకునప్పటి దాని వేగము గంటకు ఇంచుమించు 260 కిలోమీటర్లు. దాని బరువులో దాదాపు అంతయు రెక్కలక్రింది నాలుగు చక్రములపైననే పడును. ఒక్కొక్క చక్రము నేలను అంటు మేర ఎంతయనుకొందురు? జానెడున్నర పొడవు, జానెడున్నర వెడల్పు. అనగా భోజనమునకు వేసికొను పీటంత. అరువది టన్నుల వస్తువు, అంత వేగముతో వచ్చి, నాలుగు పీటలంత చోట నేలను పట్టుకొని నిలువవలయును. నేల పట్టియ్యకున్నచో ఏమగునో వేరుగ చెప్పవలసిన పని లేదు.

విమానమును ఆపుటకు మూడు సాధనములు గలవు. చక్రముల బ్రేకులు మొదటివి. నేలను తాకగానే రెక్కలపై పలకలు నిటారుగా లేచుట రెండవది. కిటికీచెంత కూర్చున్నవారు దీనిని చూడవచ్చును. రెక్క యింకను విమానమును పైకెత్తుచున్నచో చక్రములపై బరువు పడదు. బరువు పడనిచో బ్రేకునకు పట్టు దొరకదు. అందుచేత ఆ పలకలు లేచి రెక్కయొక్క ఎత్తుబలమును చెడగొట్టును. ఇంజను గాలిని ముందువైపునకు మరల్చుట మూడవది. గర్జనవలె వినవచ్చు ధ్వని అదియే. పొడిబాటమీద ఆపుపనిలో పెద్దపాలు బ్రేకులదే. తడిబాటమీద వాని పట్టు సగమునకును తగ్గవచ్చును. అప్పుడు తక్కిన రెంటిపై భారము హెచ్చును.

తడి యనగా ఒక్కటే తడి కాదు. చక్రము ముందు నీరు చేరినప్పుడు ఆ నీరు ప్రక్కలకు తొలగిపోవలయును. వేగము కొంత మేరకు మించినచో తొలగుటకు దానికి వ్యవధి చాలదు. అప్పుడు నీరు చక్రముక్రింద మేకువలె దూరి దానిని పైకెత్తును. చక్రమునకును నేలకును నడుమ నీటిపొర నిలుచును. చక్రము నీటిపై తేలిపోవుచుండును. బ్రేకు వేసినను వేయకున్నను ఒకటే. 1960 దశకములో అమెరికాలోని నాసా శాస్త్రజ్ఞులు, ముఖ్యముగా వాల్టర్ హార్న్ అను ఆయన, దీనిని పరిశోధించి ఒక సులువైన లెక్క కట్టిరి. చక్రములోని గాలి ఒత్తిడిని చదరపు అంగుళమునకు ఇన్ని పౌన్లని తీసికొని, దాని వర్గమూలమును తొమ్మిదిచే గుణించినచో, తేలుట మొదలగు వేగము నాట్‌లలో వచ్చును. నాట్ అనగా గంటకు 1.85 కిలోమీటర్లు. జెట్ విమానపు చక్రములో 200 పౌన్ల ఒత్తిడి యున్నదనుకొందము. లెక్క ప్రకారము 127 నాట్‌లు, గంటకు 235 కిలోమీటర్లు. అది దిగు వేగము అంతకంటె ఎక్కువ గదా! కనుక నీరు నిలిచిన బాటమీద మొదటి కొన్ని క్షణములు అది తేలియే పోవునని ఎంచుకొనవలయును. ఇంకను తిరుగుట మొదలిడని చక్రమునకైతే అంతకు తక్కువ వేగముననే ఈ యవస్థ కలుగును.

ఇచ్చట చిన్న పక్కమాట. అదే లెక్కను మోటారు కారునకు కట్టి చూడుడు. కారు చక్రమున 32 పౌన్ల గాలి యుండును. వచ్చు వేగము గంటకు 94 కిలోమీటర్లు. మీ మనుమలు వానలో జనగామనుండి హైదరాబాదు త్రోవను ఎంత వేగముతో పోవుచున్నారో ఒకసారి అడిగి తెలిసికొనుడు.

వానలో విమానము దిగునప్పుడు కొందరు ప్రయాణికులు "ఎత్తి కుదేసినట్లు దించినాడు, వీనికి పని రాదు" అని విసుగుకొనుట నేను పలుమారు వినియున్నాను. అది పొరబాటు. తడిబాటమీద పూవువలె మెత్తగా దింపుటయే ముప్పు. కొంత గట్టిగా దింపినచో చక్రము నీటిపొరను చీల్చుకొని నేలను తాకును, వెంటనే తిరుగ నారంభించును. పొలములో నాగటికర్రును అదిమి పట్టువాని చేయి మెత్తనిదా గట్టిదా యని ఎవరైనను అడుగుదురా?

ఇక బాటను వేయువారి పని. బాట చదునుగ కన్పట్టునుగాని చదును కాదు. నడుమ ఎత్తై ఇరుప్రక్కలకు వాలుగ నుండును. నూరు అడుగులకు అడుగున్నర వాలు. 45 మీటర్ల వెడల్పుగల బాటకు అంచులకంటె నడుమ ఒక అడుగునకు పైగా ఎత్తన్నమాట. పడిన నీరు పడినట్లే జారిపోవలయును. దానికి తోడు బాటకు అడ్డముగా సన్నని చాళ్లు కోయుదురు. పావు అంగుళము వెడల్పు, పావు అంగుళము లోతు, అంగుళమున్నరకు ఒకటి. ఇండ్లలో విసురురాయి నున్నబడినప్పుడు కక్కు కొట్టించుట మీరెరుగుదురు. పని అదియే, ఇచ్చట ధాన్యమునకు బదులు నీరు. చక్రముక్రింద నలిగిన నీరు ఆ చాళ్లలోనికి తప్పించుకొనును. ఇంగ్లండులో 1950 దశకముననే దీనిని ప్రయత్నించిరి. అమెరికాలో నాసా పరీక్షల పిమ్మట 1967లో వాషింగ్టన్ విమానాశ్రయములో కోసిరి.

చాళ్లు కోసి వదలివేసిన చాలదు. విమానము దిగినప్పుడు చక్రములనుండి పొగ లేచుట మీరు చూచియుందురు. నిలిచియున్న చక్రము కన్నుమూసి తెరచునంతలో మహావేగమునకు రావలసివచ్చును. ఆ రాపిడికి రబ్బరు కరగి బాటను అంటుకొనును. దినదినమును, విమానము వెనుక విమానము, ఒకేచోట. కొన్ని నెలలకు ఆ మేర నల్లగా, నున్నగా, చాళ్లు పూడి తయారగును. పొడిగ నున్నప్పుడు ఏమియు తెలియదు. చినుకు పడగానే నూనె చల్లిన గచ్చువలె నగును. భూపాలపల్లి బొగ్గులారీల త్రోవలో తొలకరి జల్లునకు మోటారుసైకిళ్లు ఎట్లు జారునో ఆ ప్రాంతమువారికి నేను చెప్పనక్కరలేదు. పెద్దవాన వచ్చి కడిగివేసిన పిమ్మట భయము తగ్గును, తొలిజల్లే కపటి. విమానాశ్రయములలో మహా ఒత్తిడితో నీటిని చిమ్మి ఆ రబ్బరును తొలగింతురు. బాటను తడిపి, కొలతచక్రము గల బండిని దానిపై నడపి, పట్టు ఎంత మిగిలినదో చూతురు. నా ఉద్యోగములో ఎక్కువ రాత్రులు ఆ బండి వెనుకనే గడచినవి.

మరియొక సంగతి. మన ప్రాంతమున కోతలు కాగానే వడ్లు, మక్కలు తారురోడ్డుమీద ఆరబోయుదురు. కల్లములు చాలక చేయుచున్నారని నాకు తెలియును. చీకటివేళ మోటారుసైకిలువాడు ఆ గింజలపై జారి పడుటయు నాకు తెలియును. విమానపు బాటమీద గింజ కాదుగదా గులకరాయి కూడ ఉండరాదు. గింజ యున్నచో పక్షులు వచ్చును, రాయి యున్నచో ఇంజను మ్రింగును. ఆ కంచె లోపలికి గొడ్డును గోదను రానియ్యకుండుట అధికారుల జబర్దస్తీ కాదు.

ఇంతవరకు దిగుటను గూర్చి చెప్పితిని. లేచుట ఇంకొక విధమైన కష్టము. దిగునప్పుడు నీరు పట్టు నియ్యక బాధించును. లేచునప్పుడు నీరు పట్టుకొని బాధించును. పరుగెత్తు చక్రము నిలువనీటిని త్రోసికొని పోవలయును. చిమ్మిన నీరు విమానము పొట్టకు కొట్టుకొనును. మోకాలిలోతు నీటిలో పరుగెత్తువాని గతియే. వేగము రావలసినంత త్వరగా రాదు, కాని బాట మాత్రము అయిపోవుచుండును.

దీనిని లోకము నేర్చుకొన్న విధము విషాదకరమైనది. 1958 ఫిబ్రవరి 6వ తేదీన జర్మనీలోని మ్యూనిక్ నగరమున ఒక బ్రిటిష్ విమానము లేచుటకు రెండుసార్లు యత్నించి మానుకొని, మూడవసారి పరుగెత్తినది. మాంచెస్టర్ యునైటెడ్ అను ప్రసిద్ధ ఫుట్‌బాల్ జట్టు అందులో నుండెను. బాటమీద మంచు కరగి నీరును మంచును కలిసిన బురదగా నుండెను. వేగము 117 నాట్‌లకు చేరినది. లేచుటకు ఇంక రెండు నాట్‌లు చాలును. అంతలో ఆ వేగము పెరుగుటకు మారుగా 105కు పడిపోయెను. ఆపుటకు బాట లేదు, లేచుటకు వేగము లేదు. కంచెను దాటి ఒక యింటికి కొట్టుకొన్నది. మొత్తము 23 మంది మరణించిరి.

జర్మను విచారణవారు రెక్కలపై మంచు పేరుకొన్నదనియు, దానిని తీయించకుండుట కెప్టెన్ జేమ్స్ థెయిన్ తప్పనియు నిర్ణయించిరి. ఆయన ఉద్యోగము పోయెను. కోళ్లపెంపకము చేసికొని బ్రతుకుచు, తప్పు రెక్కలది కాదు, నేలమీది బురదది యని పదియేండ్లు వాదించెను. ఆ నడుమ బ్రిటనులో మంచుబురదలో విమానములను పరుగెత్తించి పరీక్షలు చేసిరి. కొద్దిలోతు బురదయే ఎంతటి అడ్డు పడునో అప్పుడు తేటతెల్లమైనది. 1969లో బ్రిటిష్ విచారణ ఆయనను నిర్దోషిగ ప్రకటించెను. 1975లో ఆయన మరణించెను. నేను ఆ చరిత్రను మొదటిసారి చదివిననాడు రాత్రి నిద్రపట్టలేదు. రెక్కలు అందరికిని కనబడును. నేలమీది కొద్దిపాటి బురద ఎవరి కంటికి ఆనును?

మనకు మంచు లేదు. కాని నిలువనీరు అదే పని చేయును. మన వానలు ఎట్టివో మీకు తెలియును. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క దినమున 649.8 మిల్లీమీటర్ల వాన కురిసెను. ఆ దినములలోనే భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచెత్తగా, చిక్కుకొన్నవారిని తెచ్చుటకు హెలికాప్టర్లు రావలసివచ్చెను. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాదు జిల్లా కేసముద్రము వద్ద రైలుపట్టాలక్రింది కంకర కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడినవి. అంతటి వానకు ఏ వాలును, ఏ చాలును నిలువదు. అట్టినాడు విమానమును దింపకుండుటయే పని. 2015 డిసెంబరులో మద్రాసు విమానాశ్రయము బాట మునిగి కొన్ని దినములు మూతబడినది. నాకు భయము అట్టి ప్రళయములు కావు. ప్రళయమునాడు అందరును జాగ్రత్తగనే యుందురు. భయమెల్ల సాధారణపు శ్రావణమాసపు జడివానను గూర్చియే.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2021 నవంబరు 4నుండి ఒక పద్ధతిని అమలులోనికి తెచ్చెను. బాటను మూడు భాగములు చేసి, ఒక్కొక్క భాగమునకు సున్న మొదలు ఆరువరకు ఒక అంకె చెప్పవలయును. పొడి యైనచో 6. మూడు మిల్లీమీటర్లవరకు తడి యైనచో 5. రబ్బరు పేరుకొని జారునట్టి తడి యైనచో 3. నీరు మూడు మిల్లీమీటర్లకు మించి నిలిచినచో 2. మూడు మిల్లీమీటర్లనగా రెండు వడ్లగింజల మందము లేదు. అంతమాత్రమునకే అంకె అయిదునుండి రెండునకు పడిపోవును. విమానచోదకుడు ఆ అంకెలను విని, తన బరువును, గాలిని, ఎండను చూచికొని లెక్క కట్టును. ఎండ అంటిని. వేడిగాలి పలుచన, మన చైత్రవైశాఖములలో రెక్కకును ఇంజనుకును బలము తగ్గి, లేచుటకు పరుగు పొడవగును. చిన్న విమానములకు పది డిగ్రీల వేడి హెచ్చినచో పరుగు నూటికి పదివంతులు పెరుగునని మోటు లెక్క.

లేచునప్పుడు చోదకునికి ఒక నిర్ణయవేగము ఉండును. అంతకు లోపల ఏదైనను చెడినచో ఆపవలయును. దాటిన పిమ్మట చెడినను లేవవలసినదే. బాట తడిసినచో ఆగుటకు ఎక్కువ చోటు కావలయును గనుక ఆ నిర్ణయవేగమును తగ్గింతురు. అప్పటికిని లెక్క కుదురనిచో బరువు తగ్గింతురు. మనుష్యులు వచ్చి పెట్టెలు మరునాడు వచ్చుట కొన్నివేళల ఇందువలననే.

ఇప్పుడు ఎకరముల లెక్కకు వత్తును. జెట్ విమానము పరీక్షలో 900 మీటర్లలో దిగి ఆగినదనుకొందము. నియమము ప్రకారము అది బాటలో నూటికి అరువది వంతులలోనే ఆగగలుగవలయును. కనుక పొడినాడు 1500 మీటర్లు. తడినాడు దానిపై నూటికి పదునైదు, 1725 మీటర్లు. ఎండలో నిండుబరువుతో లేచుటకు ఇంకను ఎక్కువ. ఉదాహరణకు 2500 మీటర్ల బాట వేసితిమనుకొందము. మామునూరు లెక్క కాదిది, తెలియుటకు చెప్పుచున్నాను. 45 మీటర్ల వెడల్పున నల్లగా కన్పట్టు తారుబాట 28 ఎకరములు మాత్రమే. కాని జారిన విమానము ప్రక్కకు పోయినను బ్రతుకవలయును గదా! అందుచేత బాట నడిగీతనుండి ఇరువైపుల 140 మీటర్లు, కొనలందు 60 మీటర్లు, గోతులు గోడలు లేని నేల ఉంచుదురు. అది కలుపుకొన్న 181 ఎకరములు. ఆ పైని ఇరుకొనలందు బాట దాటిన విమానము ఆగుటకు 90 మీటర్లు తప్పనిసరి, 240 మీటర్లు ఉండుట మేలని సూచన. విమానములు నిలుచుచోటు, కట్టడములు, కాలువలు వేరు. ఏడాదిలో మూడువందల దినములు ఆ కొనలనేల మీద గడ్డి తప్ప ఏమియు కనబడదు. చూచినవారు "ఊరకే పడవేసినారు" అందురు.

విమానము బాట కొన దాటి పోయినచో ఏమి జరుగునో కేరళలో చూచితిమి. 2020 ఆగస్టు 7వ తేదీ రాత్రి, దుబాయినుండి 190 మందితో వచ్చిన విమానము కోళిక్కోడులో దిగెను. ఆ బాట కొండనెత్తిన కట్టినది. కొనలు దాటినచో లోయ. జోరువాన. మొదటిసారి దిగబోయి మరల పైకి పోయిరి. రెండవసారి ఎదురుదిక్కునుండి వచ్చిరి. అప్పుడు గాలి వెనుకనుండి త్రోయుచుండెను. 2700 మీటర్ల బాటలో సగము, అనగా 1350 మీటర్లు, గడచిన పిమ్మట చక్రములు నేలను తాకినవి. మిగిలిన సగములో ఆగలేక, కొన దాటి, పల్లమున పడి ముక్కలాయెను. చోదకులిద్దరితో సహా 21 మంది మరణించిరి. నేల విడిచి మరల పైకెత్తుమని రెండవ చోదకుడు హెచ్చరించినను కెప్టెను దింపుటకే సాహసించెనని విచారణసంఘము తేల్చెను. కనుక నేరమంతయు వానపై మోపరాదు. కాని పొడినాడు, ఎదురుగాలిలో, అదే పొరబాటునకు ఫలితము వేరుగ నుండెడిదేమో యని నా వంటి బాటలవానికి తోచుట సహజము. అందు చనిపోయినవారిలో పొట్టకూటికై గల్ఫునకు పోయి వచ్చుచున్నవారు గలరు. మన జిల్లాలనుండియు అట్లు పోయిన బిడ్డలు లేని పల్లె యేది?

తొర్రూరు త్రోవలోని ఆ పెద్దయ్య నేను లేచి బయలుదేరునప్పుడు ఇంకొకటి అడిగెను. ఆయన మనుమడు ఎడారిదేశమున పనిచేయుచున్నాడట. పోయిన వానకాలము వచ్చునప్పుడు హైదరాబాదున విమానము నేలదాక వచ్చి, దిగక, మరల పైకి లేచి అర్ధగంట తిరిగెనట. కుర్రవాడు ప్రాణములరచేత పట్టుకొని కూర్చుండెనట. "గట్లెందుకు జేసిండు బిడ్డా, ఆ నడిపేటోడు? చేతగాకనా?"

"చేతనైనందుకే చేసిండు పెద్దయ్యా" అంటిని. ఆయన కొంతసేపు ఊరకుండి, "అట్లనా" అని, తలపాగ సవరించుకొని, మనుమనికి ఫోనులో ఆ మాట చెప్పుమని ప్రక్కనున్న కుర్రవానికి పురమాయించెను.